పరదేశి సమాజమందిరపు గడప

ఈ వారము మిమ్మును ఒక వీధిలోనికి తీసికొని వెళ్ళాలని ఆశపడుచున్నాము. చెప్పులు తొడుగుకొనండి. నెమ్మదిగా నడుద్దాము.

సువార్తలు చదివేటప్పుడు సమాజమందిరము అనే మాట ఎన్నిసార్లు మన కంటపడుతుంది! ప్రభువు నజరేతు సమాజమందిరములో లేచి నిలిచి గ్రంథము చదివాడు. కపెర్నహూము సమాజమందిరములో బోధించాడు. పౌలు ఏ పట్టణానికి వెళ్ళినా మొదట సమాజమందిరము ఎక్కడ ఉన్నదో వెదకుకొన్నాడు. కాని ఆ సమాజమందిరము లోపల ఎలా ఉంటుంది, దాని చుట్టూ మనుషులు ఎలా కాపురముంటారు అని అడిగితే మనలో చెప్పగలవారు తక్కువ. దీనికోసం సముద్రాలు దాటనక్కరలేదు. రైలెక్కి కేరళలోని ఎర్నాకుళంలో దిగి, పడవలో నీళ్ళు దాటితే కొచ్చి నగరపు పాతపేట మట్టాంచేరి వస్తుంది. అక్కడ రాజభవనము వెనుక జ్యూ టౌన్ అనే వీధి ఉన్నది. ఆ వీధి చివర 1568లో కట్టిన పరదేశి సమాజమందిరము ఇంకా నిలిచి ఉన్నది.

పరదేశి! ఈ మాటకు మనకు అర్థం చెప్పనక్కరలేదు. మలయాళములోనూ అదే మాట, అదే అర్థము. ఈ మాటను మనస్సులో ఉంచుకొని రండి. మన నడక అంతా దీని చుట్టూనే.

వారు ఎలా వచ్చారు?

కేరళ యూదులు తరతరాలుగా చెప్పుకొనే మాట ఇది. క్రీ.శ. 70లో రోమీయులు యెరూషలేము దేవాలయమును పడగొట్టినప్పుడు చెదరిపోయినవారిలో కొందరు ఓడలెక్కి కొడుంగల్లూరు రేవుకు చేరారట. అది వారి సంప్రదాయము. చరిత్రకు చేతికందే సాక్ష్యము రాగిరేకులు. దాదాపు క్రీ.శ. 1000లో భాస్కర రవివర్మ అనే చేర రాజు జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు శాసనము వ్రాయించి ఇచ్చాడు. పన్నుల మినహాయింపు, పల్లకి, గొడుగు, భేరి, పగటి దివిటీ మొదలైన 72 హక్కులు దానిలో ఉన్నాయి. ఇవన్నీ ఆ రోజుల్లో గొప్పవారికి మాత్రమే దక్కే గౌరవాలు. ఆ రాగిరేకులు ఈ పరదేశి సమాజమందిరములోనే భద్రపరచబడినవి.

ఇంకొక సంగతి వినండి. దీనికంటె ముందు, 849లో, కొల్లములోని తరిసాపల్లి అనే క్రైస్తవ మందిరానికి కూడా రాగి శాసనము దొరికింది. దానిమీద సాక్షులుగా సంతకాలు చేసినవారిలో అరబీ లిపి వ్రాసినవారున్నారు, పహ్లవీ లిపి వ్రాసినవారున్నారు, హెబ్రీ అక్షరాలతో వ్రాసినవారూ ఉన్నారు. అంటే ఒక చర్చికి ఇచ్చిన దానానికి యూదులు సాక్షి సంతకము పెట్టారు! వెయ్యేళ్ళకు పైబడిన ఈ సంగతి మన సంఘాలలో ఎంతమందికి తెలుసు?

1341లో పెరియారు నదికి పెద్ద వరద వచ్చింది. కొడుంగల్లూరు రేవు పూడిపోయింది. కొచ్చి దగ్గర నీరు లోతై కొత్త రేవు ఏర్పడింది. వ్యాపారము అటు మళ్ళింది, మనుషులూ మళ్ళారు. 1524లో కొడుంగల్లూరు యూదులపై దాడి జరిగి ఇళ్ళూ మందిరాలూ కాలిపోయినప్పుడు మిగిలినవారు కొచ్చి రాజు చెంతకు వచ్చారు. ఇదిలా ఉండగా స్పెయిన్ దేశములో 1492లో రాజాజ్ఞ వచ్చింది: క్రైస్తవులైనా కండి, లేక దేశమైనా విడువండి. ఆ విధముగా బయలుదేరినవారిలో కొందరు, తరువాత సిరియాలోని అలెప్పో నుండి, బాగ్దాదు నుండి వచ్చినవారు కొందరు ఇక్కడ చేరారు. ఈ కొత్తగా వచ్చినవారిని స్థానికులు పరదేశులు అన్నారు. పాతకాలము నుండి ఉన్నవారు మలబారీ యూదులు.

కొచ్చి రాజు వారికి స్థలము ఎక్కడ ఇచ్చాడు? ఊరి చివర కాదు. తన భవనానికి ఆనుకొని ఇచ్చాడు. ఒక ప్రక్క రాజభవనము, దాని ఆవరణలో భగవతి గుడి, ఆ ప్రక్కనే యూదుల సమాజమందిరము. విగ్రహము లేని ఆరాధన చేసేవారికి విగ్రహారాధన చేసే రాజు తన గోడ ప్రక్కన చోటిచ్చాడు. ఇది గుర్తుంచుకొనండి, ముందుకు పోయిన తరువాత మళ్ళీ కావలసివస్తుంది.

గోడకు గోడ ఆనుకొన్న ఇళ్ళు

ఇప్పుడు వీధిలో నడుద్దాము. కేరళలో ఇల్లంటే సాధారణముగా చుట్టూ కొబ్బరి చెట్లు, నాలుగు వైపులా ఖాళీ స్థలము, మధ్యలో ఇల్లు. ఈ వీధి అలా లేదు. ఇక్కడ ఇళ్ళు మన అగ్రహారాల్లోవలె వరుసగా, ఒకదాని గోడకు ఇంకొకదాని గోడ ఆనుకొని, వీధి అంచువరకూ వచ్చి నిలిచాయి. రెండు అంతస్తులు, ఏటవాలు పెంకుల కప్పు, మందమైన గోడలు, సున్నపు పూత, పై అంతస్తున పెద్ద పెద్ద చెక్క కిటికీలు. చాలా ఇళ్ళలో క్రింది భాగము వ్యాపారానికి, పై భాగము కాపురానికి. మిరియాలు, ఏలకులు, అల్లము, పసుపు ఈ వీధినుండే లోకమంతటికీ వెళ్ళాయి. మిరియాల బేరాలు సాగే వర్తక సంఘము కూడా 1957 నుండి ఈ పేటలోనే ఉండేది.

ఇళ్ళు ఇలా ఎందుకు దగ్గరగా కట్టుకొన్నారు? భద్రత ఒక కారణము. కాని భక్తిగల యూదునికి ఇంకొక కారణమున్నది. విశ్రాంతిదినమున బండి ఎక్కకూడదు, దూరము నడవకూడదు. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో ఒలీవల కొండ యెరూషలేముకు ఎంత దూరమో చెప్పేటప్పుడు లూకా విశ్రాంతిదినపు ప్రయాణాన్ని కొలతగా వాడాడు కదా! ఆ కొలతే ఈ వీధికి పునాది. మందిరానికి నడిచి వెళ్ళేటంత దగ్గరలో ఇల్లు ఉండాలి. గనుక మందిరము ఎక్కడ ఉంటే అక్కడ వరుస ఇళ్ళు మొలిచాయి. లోకములో ఏ పాత యూదుల పేటను చూచినా ఈ సూత్రము కనబడుతుంది.

ద్వారబంధాల వైపు చూడండి. కుడి ప్రక్కన బిగించిన చిన్న గొట్టము వంటిది, దానిని మెజూజా అంటారు. దానిలో తోలు కాగితముపై వ్రాసిన వాక్యముంటుంది. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో దేవుని మాటలు ఇంటి ద్వారబంధములమీద వ్రాయాలన్న ఆజ్ఞను వారు అలా నెరవేర్చారు. ఇంట్లోకి వచ్చేటప్పుడు, పోయేటప్పుడు దానిని వేళ్ళతో తాకి ముద్దుపెట్టుకొంటారు. కొన్ని కిటికీల ఊచలలో ఆరు కోణాల దావీదు నక్షత్రము ఇప్పటికీ కనబడుతుంది. ఇళ్ళు చేతులు మారాయి. ఒకప్పుడు సబ్బాతు దీపము వెలిగిన గదులలో ఇప్పుడు పాత సామాను, సుగంధ ద్రవ్యాలు, బట్టలు అమ్ముతున్నారు. అయినా ఊచలలోని నక్షత్రము చెరగలేదు.

ఈ ఇళ్ళలోని స్త్రీలు మలయాళములో పాటలు కట్టుకొన్నారు. బైబిలు కథలు, పెండ్లి పాటలు, తమ మందిరాల చరిత్ర వాటిలో ఉన్నాయి. చేతి వ్రాత పుస్తకాలలో వ్రాసికొని తల్లి కూతురికి అందించింది. ప్రార్థన హెబ్రీలో, పాట మలయాళములో. తమ విశ్వాసాన్ని వదలకుండానే ఆ నేల భాషను తమదిగా చేసికొన్నారు.

వీధికి ఒక చివర శిథిలమైన కట్టడము ఉన్నది. అది కడవుంభాగం సమాజమందిరము, మలబారీ యూదులది, 16వ శతాబ్దపుది. వారు ఇశ్రాయేలుకు తరలిపోయిన తరువాత అది గోదామయింది. చెక్కిన దాని లోపలి చెక్కపనిని 1990లలో యెరూషలేములోని ఇశ్రాయేలు మ్యూజియముకు తీసికొని వెళ్ళి అక్కడ నిలబెట్టారు. ఇక్కడ మిగిలిన గోడలలో ముందు గోడ 2019 వర్షాలలో కూలింది. లోపలి భాగము యెరూషలేములో, బయటి గోడ మట్టాంచేరిలో! ఈ ఒక్క వీధిలోనే మూడు సమాజమందిరాలు ఉండేవి. ఇంత చిన్న వీధికి మూడెందుకు అని మీకు సందేహము రావచ్చు. ఆ జవాబు పరదేశి మందిరపు గడప దగ్గర దొరుకుతుంది.

గడియారము, గాయము

వీధి మరో చివరకు వచ్చాము. పైకి చూడండి. గడియారపు గోపురము. దీనిని 1760 ప్రాంతములో ఎజెకియేలు రహబీ కట్టించాడు. ఆయన డచ్చి కంపెనీకి కొచ్చిలో ప్రధాన వర్తకుడు. గడియారపు ముఖాలలో ఒకదానిపై హెబ్రీ అక్షరాలు, ఇంకొకదానిపై రోమను అంకెలు, రాజభవనము వైపున్న ముఖముపై మలయాళ అంకెలు. ప్రార్థనకు వచ్చేవాడు తన లిపిలో, వర్తకుడు తన లిపిలో, రాజు తన లిపిలో వేళ చూచుకొన్నారు. పొరుగువానికి అర్థమయ్యే అక్షరాలతో మాట్లాడిన గోపురమిది.

కాని ఈ గోడలు ఒక గాయాన్నీ భరించాయి. 1662లో డచ్చివారు కొచ్చిని ముట్టడించి వెనుకకు తగ్గినప్పుడు, యూదులు డచ్చివారికి సాయపడ్డారనే కోపముతో పోర్చుగీసువారు ఈ మందిరమును పాడుచేశారు. గ్రంథాలు, దస్తావేజులు నాశనమయ్యాయి. 1663లో డచ్చివారు కొచ్చిని పట్టుకొన్నారు. మరుసటి ఏడు, 1664లో, మందిరమును మళ్ళీ కట్టుకొన్నారు.

ప్రియులారా, ఇక్కడ ఒక్క నిమిషము ఆగాలి. ఆ పోర్చుగీసువారి ఓడల తెరచాపలమీద సిలువ గుర్తు ఉండేది. గోవాలో 1560లో మొదలైన విచారణ సభ యూదు వంశస్థులను వెంటాడింది. మన ప్రభువు పుట్టిన జనాంగమును ఆయన పేరు పెట్టుకొన్నవారు తరిమారు. విగ్రహారాధన చేసే రాజు గోడ ప్రక్కన చోటిచ్చాడు. ఇది మనకు చేదుగా ఉన్నా చరిత్ర. మంచి సమరయుని ఉపమానము చెప్పిన ప్రభువుకు ఈ సంగతి ఆశ్చర్యము కాదు. సాయము చేసినవాడు ఎవడో చూచి, మనమెటు ప్రక్కగా పోయామో ఆలోచించుకొనండి.

చెప్పులు విడిచి లోపలికి

గవిని దాటితే చిన్న ముంగిలి. అక్కడ గోడలో పొదిగిన ఒక రాయిపై హెబ్రీ వ్రాత ఉన్నది. 1344లో కొచ్చంగాడిలో కట్టిన సమాజమందిరపు రాయి అది. ఆ మందిరము ఎప్పుడో పోయింది. దాని రాయిని మాత్రము వారు పారవేయలేదు.

ఇక్కడ చెప్పులు విడవాలి. యూరపులోనో అమెరికాలోనో సమాజమందిరములో చెప్పులు విడవరు. ఇక్కడి యూదులు విడుస్తారు. చుట్టుప్రక్కల గుళ్ళలో, మసీదులలో ఉన్న మర్యాదనే వారూ పాటించారు. మండుచున్న పొద దగ్గర మోషేకు వచ్చిన మాట వారికి తెలియనిది కాదు గదా.

మొదట ఒక ముందు గది. దానిని అజారా అంటారు. యెరూషలేము దేవాలయపు ఆవరణకు హెబ్రీలో ఉన్న పేరే అది. ఈ గదిని దాటితే ప్రార్థనశాల. లోపలికి చూడగానే కళ్ళు క్రిందికి పోతాయి. నేలంతా తెల్లని, నీలి రంగు చీనా పలకలు. 18వ శతాబ్దములో ఎజెకియేలు రహబీ చీనాలోని కాంటన్ నుండి తెప్పించినవి, చేతితో చిత్రించినవి, దాదాపు 1,100. ఏ రెండు పలకలూ ఒక్కలా ఉండవని చెప్తారు. పైన బెల్జియము గాజు దీపాలు, రంగురంగుల నూనె దీపాలు వ్రేలాడుతున్నాయి. మధ్యలో ఇత్తడి కడ్డీలు చుట్టిన వేదిక. ధర్మశాస్త్రము చదివేది ఇక్కడే. నజరేతులో ప్రభువు నిలిచి గ్రంథపు చుట్ట విప్పిన దృశ్యము ఇక్కడ నిలబడితే సులువుగా అర్థమవుతుంది.

ఎదుట పడమటి గోడలో చెక్కిన టేకు మందసము. పడమర ఎందుకు? కొచ్చినుండి యెరూషలేము పడమటి దిక్కున ఉన్నది. దానియేలు తన మేడగది కిటికీలు యెరూషలేము వైపు తెరచినట్టే వీరు ఈ గోడను అటు త్రిప్పారు. తలుపు తెరిస్తే లోపల చేతితో వ్రాసిన ధర్మశాస్త్రపు చుట్టలు, వెండి బంగారు తొడుగులలో. ఒక బంగారు కిరీటము 1805లో తిరువాన్కూరు మహారాజు ఇచ్చిన బహుమానము. గమనించండి, ఆ కిరీటము మనిషి తలకు కాదు, గ్రంథానికి.

పైన మేడవంటి అంతస్తున రెండవ వేదిక ఉన్నది. ఇది కేరళ సమాజమందిరాల ప్రత్యేకత. పండుగ దినాలలో అక్కడినుండి చదివేవారు. దాని వెనుకనే జాలీ చాటున స్త్రీల చోటు. గనుక వాక్యము చదివే చోటు స్త్రీలకు దగ్గరైంది.

1968లో ఈ మందిరానికి 400 ఏళ్ళు నిండినప్పుడు ప్రధాని ఇందిరాగాంధీ ఇక్కడికి వచ్చారు. భారత ప్రభుత్వము తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఇంత అందము, ఇంత గౌరవము! చాలామంది ఇంతవరకు చూచి చెప్పులు వేసికొని వెళ్ళిపోతారు. మనము అలా వెళ్ళకూడదు. మళ్ళీ వెనుకకు, ఆ ముందు గదికి రండి.

గడప దగ్గర కూర్చున్నవారు

ఈ ముందు గది నేలమీద, మెట్లమీద తరతరాలుగా కొందరు కూర్చున్నారు. వారూ యూదులే. అదే సబ్బాతు, అదే సున్నతి, అదే ధర్మశాస్త్రము. కాని లోపల బల్లలమీద కూర్చొనే హక్కు లేదు. ధర్మశాస్త్రము చదువుటకు వారిని వేదిక ఎక్కనియ్యరు. లోపలివారితో పెండ్లి సంబంధము లేదు. చనిపోయినా సమాధి స్థలము విషయములో భేదమే. వీరిని మెషుఖ్రారిం అన్నారు. హెబ్రీలో దాని అర్థము విడుదల పొందినవారు. ఒకప్పుడు దాసులుగా ఉండి విడుదలైనవారు, వారి సంతతివారు. విడుదల పొందినవారు అని పేరు పెట్టి, గడప దాటనియ్యలేదు!

ఇంతేకాదు. వందల ఏళ్ళు ముందుగా వచ్చిన మలబారీ యూదులను నల్ల యూదులు అన్నారు. తాము తెల్ల యూదులు. చుట్టూ ఉన్న కుల వ్యవస్థ గోడలను దాటి మందిరములోనికే వచ్చింది. ఒకే వీధిలో మూడు మందిరాలు ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

వారికి తెలియక చేశారా? కాదు. 16వ శతాబ్దములోనే ఈ తగవు ఐగుప్తుకు ఉత్తరముగా వెళ్ళింది. కైరోలోని పేరుపొందిన రబ్బీ దావీదు బెన్ జిమ్రా జవాబు వ్రాశాడు. శుద్ధి స్నానపు విధి జరిగిన తరువాత వారిని మీవారిగా చేర్చుకొనవచ్చునని, వివాహ సంబంధము కూడ తగునని చెప్పాడు. తీర్పు వచ్చింది, గడప మారలేదు. ఆ బంగారు కిరీటము పెట్టిన గ్రంథములోనే, మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్న సంగతి మరువకండని, పరదేశిని బాధింపవద్దని మళ్ళీ మళ్ళీ వ్రాసి ఉన్నది. ఏటేటా అది పైకి చదివారు. చదివిన చోటునుండి కొద్ది అడుగుల దూరములో దానిని వినుచు గడప దగ్గర కొందరు కూర్చున్నారు. పరదేశులై వచ్చి చోటు పొందినవారు తమ సొంత ఇంటిలో ఇంకొకరిని పరదేశిని చేశారు.

1882లో ఆ గడప దగ్గరివారి కుటుంబములో అబ్రాహాము బరాక్ సేలం పుట్టాడు. మద్రాసులో చదువుకొన్నాడు. కొచ్చి యూదులలో పట్టభద్రులైన మొదటివాడు, న్యాయవాది. కొచ్చి శాసన సభలో సభ్యుడుగా ఉన్నాడు. 1929లో లాహోరు కాంగ్రెసు మహాసభకు వెళ్ళాడు. ఊరివారు ఆయనను యూదుల గాంధీ అన్నారు. న్యాయస్థానములో ఆయన మాట చెల్లింది. శాసన సభలో చెల్లింది. తన దేవుని మందిరములో మాత్రము ఆయన చోటు గడప దగ్గరే.

ఆయన ఏమి చేశాడు? విశ్వాసము వదలి వెళ్ళిపోలేదు. గాంధీగారి దగ్గర నేర్చుకొన్న సత్యాగ్రహమును సమాజమందిరములోనికి తెచ్చాడు. కొట్టలేదు, తిట్టలేదు, అడుగుట మానలేదు. ఏళ్ళు పట్టింది. 1930లనుండి ఒక్కొక్క అడ్డు తొలగుతూ వచ్చింది. బల్లమీద చోటు, తరువాత వేదికపై చదివే హక్కు. 20వ శతాబ్దపు నడుమ ఆయన కుమారునికీ ఒక పరదేశి కుటుంబపు అమ్మాయికీ పెండ్లి జరిగినప్పుడు పెద్ద కలకలమే రేగింది. అయినా ఆ తెర చిరిగింది. సేలం 1967లో, ఆ 400 ఏళ్ళ ఉత్సవానికి ముందు ఏడు, కన్నుమూశాడు.

పదిమంది దొరకని రోజు

1948లో ఇశ్రాయేలు దేశము ఏర్పడింది. అప్పటికి కేరళలో దాదాపు 2,400 మంది యూదులుండేవారు. 1950లలో మలబారీ యూదులు ఊళ్ళకు ఊళ్ళుగా తరలివెళ్ళారు. దక్షిణ ఎడారిలోని నెవాతీం వంటి గ్రామాలు వారివే. పరదేశులు తరువాత ఒక్కొక్కరుగా వెళ్ళారు. దీనిని శిక్ష అని ఎవరూ అనకూడదు. ప్రతిదినము పడమటి గోడవైపు తిరిగి ప్రార్థించినవారు ఆ వైపే వెళ్ళారు. ఎవరూ తరమకుండా, తమ ఇష్టముతో వెళ్ళారు. యూదులను ఈ నేల తరమలేదని వారే కృతజ్ఞతతో చెప్తారు.

అయితే సామూహిక ప్రార్థనకు పదిమంది పురుషులు ఉండాలన్నది యూదుల నియమము. చివరి దశాబ్దాలలో ఆ పదిమంది దొరకలేదు. ఎర్నాకుళమునుండి మలబారీ యూదులు వస్తే, పర్యాటకులలో యూదులుంటే లెక్క నిండేది. ఒకప్పుడు లెక్కలోనికి తీసికొననివారికొరకే ఇప్పుడు తలుపు దగ్గర ఎదురుచూశారు! ఈ వీధిలో కుట్టుపని అంగడి నడిపిన సారా కొహెన్ 2019లో, తన తొంబయ్యవ పడిలో, మరణించారు. ఆమెను ముసలితనములో తల్లివలె చూచుకొని ఆ అంగడిని నిలబెట్టినది ఒక ముస్లిము కుటుంబము. 2024లో క్వీనీ హల్లెగువా మరణముతో పరదేశి స్త్రీలలో చివరివారు వెళ్ళిపోయారు. నేలపై పలకలు ఇంకా మెరుస్తున్నాయి. కూర్చొనేవారు లేరు.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఇది యూదుల తప్పు ఎన్నుటకు చెప్పిన కథ కాదు. మన తెలుగు సంఘాల పుట్టుక జ్ఞాపకము చేసికొనండి. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో అత్యధికులు ఊరి బావి దగ్గరకు రానియ్యబడనివారు, గుడి గడప తొక్కనియ్యబడనివారు. మన తాతముత్తాతలకు గడప బయట కూర్చొనుట ఎలా ఉంటుందో తెలుసు. సువార్త వారికి అన్నిటికంటె ముందు ఒక చోటు ఇచ్చింది.

మరి ఇప్పుడు? ఒకే ఊరిలో మాలపల్లెకు ఒక మందిరము, మాదిగపల్లెకు ఒక మందిరము ఎందుకున్నాయి? పై కులమునుండి వచ్చినవారు కొన్నిచోట్ల వేరే వరుసలో ఎందుకు కూర్చుంటున్నారు? ఆదివారము ఒకే రొట్టె విరిచి, సోమవారము పెండ్లి సంబంధములో మొదటి ప్రశ్నగా ఏమి అడుగుతున్నాము? సమాధుల తోటలో ఎవరి మూల ఎవరిదో ఎవరు నిర్ణయించారు? యాకోబు పత్రిక రెండవ అధ్యాయములో బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి చోటు, దరిద్రునికి పాదపీఠము దగ్గర చోటు చూపే సంఘమును మీరు చదివే ఉంటారు. గమనించారా? అక్కడ యాకోబు ఆ కూడికకు వాడిన గ్రీకు మాట సమాజమందిరము అన్నదే.

ఈ వారము ఒక పని చేయండి. ఆదివారము మందిరములోనికి వెళ్ళేటప్పుడు గడప దగ్గర ఒక్క క్షణము నిలిచి చూడండి. ఎవరు వెనుక నిలబడుతున్నారు? ఎవరిని ప్రార్థన చేయమని, వాక్యము చదవమని ఎన్నడూ పిలువలేదు? వెళ్ళి వారి చేయి పట్టుకొని మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొనండి. కైరోనుండి ఉత్తరము రానక్కరలేదు, మనకు పత్రికలు ఎప్పుడో వచ్చాయి.

మట్టాంచేరిలో ఆ వరుస ఇళ్ళ మధ్యగా మందిరమునకు వెళ్ళే దారికి ఇప్పుడు ఒక పేరున్నది. ఏ.బి. సేలం రోడ్డు. గడప దగ్గర కూర్చుండబెట్టిన మనిషి పేరు తొక్కకుండా ఇప్పుడు ఎవరూ ఆ మందిరమునకు చేరలేరు.

ఆలోచించండి. సమాధానకర్తయగు దేవుడు మీకందరికీ తోడైయుండును గాక. ఆమేన్.